బావికాడి దబ్బచెట్టు

"ఏముంది తమ్మీ డబ్బాల, చాపలా?"

నల్లగొండ బస్టాండులో కండక్టరు అడిగాడు. థర్మాకోల్ డబ్బా, చుట్టూ బ్రౌన్ టేపు, అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు. "ఆకులన్నా" అన్నాను. ఆకులకు ఐసు దేనికని ఆయన అనుమానం. టేపు ఊడదీసి చూపించాల్సి వచ్చింది. లోపల ప్లాస్టిక్ కవర్లలో లేత చిగుళ్లు, ఒక్కో కవరు మీద మార్కరు పెన్నుతో ఒక్కో నంబరు. ఆయన ఒక కవరు మూతి విప్పి వాసన చూశాడు. "నిమ్మాకులే గద, దీనికింత కథనా" అని టికెట్ కొట్టాడు. చౌటుప్పల్ దాటేదాకా డబ్బా నా ఒళ్లోనే ఉంది. ప్యాంటు పూర్తిగా తడిసింది.

ఇది 2019 జనవరి మాట. ఎమ్మెస్సీ బాటనీ చివరి సెమిస్టరు ప్రాజెక్టు. మాది గుర్రంపోడు మండలంలో ఒక ఊరు, నాయినకు నాలుగెకరాల బత్తాయి తోట. బత్తాయి చెట్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కనుక ప్రాజెక్టుకు వేరే మొక్క వెతకబుద్ధి కాలేదు. మొక్కలలో ఏ జాతి ఏ రెండు జాతుల కలయికతో పుట్టిందో డీఎన్‌ఏ గుర్తులతో పట్టుకోవచ్చని క్లాసులో విన్నాను. బత్తాయి కుటుంబమంతా అలాంటి కలగాపులగమేనని కూడా విన్నాను. ప్రాజెక్టు గైడు మేడమ్ దగ్గరికి వెళ్లి, నల్లగొండ బత్తాయి మిగతా ప్రాంతాల బత్తాయి కంటే ఎలా వేరో మార్కర్లతో చూపిస్తానని గొప్పగా చెప్పాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఎందుకో రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు.

ఇంట్లో చెబితే నాయినకు నచ్చలేదు. "బత్తాయి హైబ్రిడ్ ఏంది? హైబ్రిడ్ అంటే కంపెనీ ప్యాకెట్ల వచ్చేది. బత్తాయి మన తాతల నాటిది." ఆయన తప్పేం లేదు. మా దగ్గర హైబ్రిడ్ అంటే పత్తి గింజలు, మిరప గింజలు. ఏటేటా కొత్త ప్యాకెట్ కొనాల్సినవి. ఎవరూ కూర్చుని చెయ్యకుండా, ఏ అడవి అంచునో, ఏ పెరట్లోనో తేనెటీగ పుణ్యాన రెండు జాతులు కలిసి మూడోది పుట్టడం ఆయన లెక్కలో హైబ్రిడ్ కాదు. బత్తాయి అలాంటిదే. ఒక వైపు పంపరపనస, ఇంకో వైపు కమలా. ఈ రెండూ ఒకటికి రెండుసార్లు కలిస్తే వచ్చిన బిడ్డ.

మేడమ్ మొదటి పదిహేను రోజులు నన్ను ల్యాబులోకి రానివ్వలేదు. చదవమంది. ఈ కుటుంబంలో ఎన్ని జాతులున్నాయో తేల్చడానికి పెద్ద పెద్ద వాళ్లే తలపట్టుకున్నారని అప్పుడు తెలిసింది. అమెరికాకు చెందిన స్వింగిల్ 16 జాతులన్నాడు. జపాన్ శాస్త్రవేత్త తనాకా 162 అన్నాడు. ఇద్దరూ చూసింది దాదాపు అవే చెట్లు! ఒకాయన ఆకు, కాయ కాస్త తేడాగా ఉంటే చాలు కొత్త జాతి అని రాసేశాడు. ఇంకొకాయన పోనీలే అని కలిపేశాడు. 1970లలో స్కోరా, ఆ వెంటే బారెట్, రోడ్స్ వచ్చి, మనం తింటున్న వాటిలో అసలైన మూలజాతులు మూడే అన్నారు. మాదీఫలం అనే మందపు తోలు పెద్ద నిమ్మ, పంపరపనస, కమలా. మిగతావన్నీ వీటి పిల్లలు, మనవలు. డీఎన్‌ఏ చదవడం చేతికొచ్చాక ఆ మాట చాలావరకు నిలబడింది. 2013లో బత్తాయి రకం జన్యుపటం మొత్తం అచ్చయింది. 2018లో 60 రకాల జన్యుపటాలు పక్కపక్కన పెట్టి, ఈ కుటుంబం హిమాలయాల ఆగ్నేయ పాదాల దగ్గర సుమారు 80 లక్షల ఏళ్ల కిందట పుట్టి విస్తరించిందని తేల్చారు. మనం కమలా అనుకొని తినే పండ్లలో కూడా చాలావాటిలో పంపరపనస ముక్కలు దొరికాయి. అంటే తల్లిదండ్రుల పక్షాన నిలబెట్టాల్సిన సాక్షి కూడా పూర్తిగా అచ్చమైనది కాదు. ఇది చదివిన రోజు నాకు కొంచెం టెన్షనే వచ్చింది.

పిల్ల ఎవరిదో చెప్పాలంటే ముందు తల్లిదండ్రుల ఆకులు చేతిలో ఉండాలి. నల్లగొండ జిల్లాలో బత్తాయి, నిమ్మ కావాలంటే ఎడ్లబండి నిండా తేవచ్చు. పంపరపనస, మాదీఫలం ఎక్కడ తేవాలి? పంపరపనస ఆకులు గోదావరి జిల్లాకు చెందిన క్లాస్‌మేటు సంక్రాంతికి వెళ్లి తెచ్చిచ్చాడు, సిలికా జెల్ పోసిన డబ్బాలో ఎండబెట్టి. మాదీఫలం, కమలా ఆకులు, బత్తాయి అంటుకు అడుగు మొక్కలుగా వాడే జంబేరి, రంగపూర్ నిమ్మ ఆకులు మేడమ్ తనకు తెలిసిన ఒక పరిశోధన స్థానం నుంచి తెప్పించింది. అవి పేరూ ఊరూ రాసి పెట్టిన చెట్ల నుంచి వచ్చినవి. మన ఊళ్లో పేర్లను నమ్మి అలాంటి పని చేయకూడదు. మా దగ్గర దబ్బ అంటే ఒక ఊళ్లో ఒక చెట్టు, పక్క ఊళ్లో ఇంకో చెట్టు. గజనిమ్మను కొందరు దబ్బ అంటారు, పంపరపనసను కొందరు పెద్ద దబ్బ అంటారు.

మిగతావి నేనే తోటలో కోశాను. పొద్దున ఆరు గంటలకు, మంచు ఇంకా ఆకు మీద ఉండగా. ముదురాకు పనికిరాదు, చిగురు విచ్చి వారం పది రోజులైన లేతాకు కావాలి. కోస్తూ కోస్తూ మొదటిసారి ఆకు తొడిమలను సరిగ్గా చూశాను. పంపరపనస తొడిమకు రెండు వైపులా వెడల్పు రెక్కలుంటాయి, ఆకు కింద ఇంకో చిన్నాకు అతికించినట్టు. బత్తాయికి ఆ రెక్కలు సన్నబడి ఉంటాయి. మాదీఫలానికి రెక్కలే ఉండవు, తొడిమకూ ఆకుకూ మధ్య కీలు కూడా ఉండదు. తొడిమ చూసి తాతలెవరో కొంత ఊహించవచ్చు. కొంతే.

బావికాడ దబ్బచెట్టు లిస్టులో లేదు. మా పాత బావి గడ్డ మీద ఉంటుందది. కాయ చిన్న బత్తాయంత, తోలు గరుకుగా, గుంటలు గుంటలుగా, కొసన చనుమొన లాంటి మొన. పండితే పసుపు. మా నాయనమ్మ దాంతో పచ్చడి పెడుతుంది, పులిహోరలోకి రసం పిండుతుంది. ఆమే అక్కడ నిలబడి, "అన్ని చెట్లయి తీసుకపోతున్నవ్, దీనివి తెంపవా? ఇది నీకేం అన్నెం జేసింది?" అంది. ఆమె మాట తీసెయ్యలేక నాలుగు ఆకులు తుంచి 17 అని నంబరు వేశాను.

ల్యాబులో మొదటి పని ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం. పద్ధతి పాతదే, 1987లో డాయిల్ దంపతులు రాసిన సీటాబ్ పద్ధతి. ఆకును రోట్లో వేసి, ద్రవ నైట్రోజన్ పోసి నూరాలి. పొగలు కక్కుతూ ఆకు గాజులా పెళుసవుతుంది, రెండు తిప్పులకు పచ్చటి పిండి. అది కరిగిపోకముందే 65 డిగ్రీల వేడి ద్రావణంలో కలపాలి. ఆ ద్రావణంలో మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం ఉంటుంది. దాని కంపు చెప్పనలవి కాదు, కుళ్లిన కోడిగుడ్లే నయం అనిపిస్తాయి. హాస్టల్లో రూమ్మేటు నా షర్టును బయట తీగ మీద వేసేవాడు.

తర్వాత క్లోరోఫామ్ కలిపి గిర్రున తిప్పితే మూడు పొరలు తేలతాయి. కింద క్లోరోఫామ్, మధ్యలో తెల్లటి చెత్త, పైన తేట. ఆ తేట మాత్రమే తీయాలి, మధ్య పొర కదలకుండా. తేరుకున్న మజ్జిగ మీది తేట నీళ్లను వంచడం చూసినవాళ్లకు ఆ పని అర్థమవుతుంది. మా సీనియర్ అన్న పిపెట్ పట్టుకునే తీరు చూస్తే మా అమ్మ గుర్తొచ్చేది. తీసిన తేటలో చల్లటి ఐసోప్రొపనాల్ పోసి మెల్లగా వంచితే, నీళ్లలో దూదిపోగు విడివడినట్టు తెల్లటి దారాలు. అదే డీఎన్‌ఏ. అంత శ్రమకు అంత చిన్న పోగు. మొదటిసారి చూసినప్పుడు మాత్రం మా తోటనంతా ఆ గొట్టంలో చూసినట్టే ఉండింది.

అయితే నాకు మొదటిసారి వచ్చింది తెల్ల పోగు కాదు. గోధుమరంగు ముద్ద, వేలికి అంటితే బంకలా సాగుతోంది. ఈ కుటుంబం ఆకుల్లో నూనెలు, పాలీఫినాల్స్, జిగురు పదార్థాలు ఎక్కువ. కోసిన జామ నల్లబడ్డట్టు డీఎన్‌ఏ కూడా నల్లబడుతుంది, తర్వాత ఏ ఎంజైమూ దాని మీద పని చేయదు. తప్పు రెండు చోట్ల ఉంది. బస్సులో ఐసు కరిగి ఆకులు వాడాయి, పైగా ఆ పాలీఫినాల్స్‌ను పట్టేసే పీవీపీ పొడి నేను తక్కువ వేశాను. మళ్లీ ఊరికి పోయి మళ్లీ కోసుకొచ్చాను. ఈసారి కండక్టరు వేరే ఆయన. ఏమీ అడగలేదు.

మార్కర్ల గురించి మా నాయినకు చెప్పిన పద్ధతిలోనే ఇక్కడా చెబుతాను. పోచంపల్లి చీర అంచు మీద ఒకే బొమ్మ వరసగా వస్తుంది. ఒక మగ్గం మీది చీరకు ఒక చోట ఆ బొమ్మ 10 సార్లు వచ్చి ఆగుతుంది, ఇంకో మగ్గం చీరకు అదే చోట 14 సార్లు వస్తుంది. డీఎన్‌ఏలో కూడా కొన్ని చోట్ల టిఏఏ, టిఏఏ, టిఏఏ అని చిన్న ముక్క పదే పదే వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది జాతికో రకంగా ఉంటుంది. ఆ ముక్కకు అటూ ఇటూ ఉన్న అక్షరాలకు అతుక్కునే ప్రైమర్లు తయారు చేయించి, పీసీఆర్ మిషన్లో ఆ ఒక్క ముక్కనే కోట్ల ప్రతులు తీసి, జెల్ మీద పరిగెత్తిస్తే పొట్టి ముక్క ముందుకు పోతుంది, పొడుగు ముక్క వెనకపడుతుంది. వీటినే ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లంటారు. ప్రతి మొక్కకూ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. రెండూ వేరు వేరు పొడవైతే జెల్ మీద రెండు గీతలు పడతాయి. పాత ర్యాపిడ్ మార్కర్లకు ఈ సుఖం లేదు, గీత ఉందా లేదా అన్నదే చెబుతాయి. హైబ్రిడ్ సంగతి తేలాలంటే రెండు గీతలూ కనబడాలి. ఒక గీత కమలాతో, రెండోది మాదీఫలంతో కలిసిందా, ఇక దాచేదేం లేదు. అదీ ఒక్క చోట కాదు, చూసిన ప్రతి చోటా అలాగే పడాలి.

14 జతల ప్రైమర్లు తెప్పించాం. 3 అసలు పని చేయలేదు. 2 అన్ని మొక్కల్లో ఒకే గీత చూపించాయి, అవీ దండగే. మిగిలిన 9తోనే బండి నడిచింది.

జెల్ పోయడం ఒక రోజు పని. రెండు గాజు పలకలు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, మధ్యలో అక్రిలమైడ్ పోయాలి. అది గడ్డకట్టకముందు ఒంటికి తగిలితే నరాలకు మంచిది కాదు, గ్లౌజులు లేకుండా ముట్టనివ్వరు. రాత్రంతా నడిచాక సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, కడిగి, డెవలపర్ పోస్తే పలక మీద గీతలు ఒక్కొక్కటే పైకి తేలతాయి, మొదట లేత పసుపు, తర్వాత ముదురు గోధుమ. అప్పుడు క్షణం ఏమరుపాటు పనికిరాదు. ఎసిటిక్ యాసిడ్ పోసి ఆపకపోతే పలకంతా నల్లబడుతుంది. ఒకసారి ఫోను మోగిందని పక్కకు తిరిగాను. ఒక రాత్రి పని గంగపాలు.

మార్చిలో మొదటి మంచి జెల్ వచ్చింది. మా తోట బత్తాయి, కనగల్ దిక్కు నుంచి తెచ్చిన బత్తాయి, హైదరాబాద్‌లో ఒక తెలిసినవాళ్ల పెరట్లోని మోసంబి, అన్నీ పక్కపక్కన. అన్నింటిలో అవే గీతలు, అదే ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు. ఇంకో ప్రైమర్, అంతే. తొమ్మిదింటికి తొమ్మిదీ అంతే. అప్పుడు మేడమ్ నవ్వు గుర్తొచ్చింది. ప్రపంచంలో ఉన్న బత్తాయి జాతి చెట్లన్నీ ఎప్పుడో పుట్టిన ఒక్క హైబ్రిడ్ చెట్టుకు నకళ్లు. అంటు కట్టి కట్టి, కన్ను తీసి అతికించి మనుషులు ఆ ఒక్క చెట్టునే ఇన్ని వందల ఏళ్లుగా పెంచుతున్నారు. గింజ నాటినా చాలాసార్లు అంతే, ఎందుకంటే ఆ గింజలో తల్లి కణాల నుంచే పిండాలు పుడతాయి, ఒకే గింజకు రెండు మూడు మొలకలొస్తాయి. మా బత్తాయి రకమైన సాత్‌గుడికీ, మోసంబికీ ఉన్న తేడా ఎక్కడో కొమ్మ మీద వచ్చిన చిన్న మార్పు, నా 9 ప్రైమర్లకు అందేది కాదు. నల్లగొండ బత్తాయి తియ్యదనం మా ఎర్రనేలదో, మా బోరు నీళ్లదో, మా నాయిన చేతిదో కావచ్చు. డీఎన్‌ఏలో నేను వెతికిన చోట మాత్రం లేదు.

"చెప్తే వినేవాడివా?" అంది మేడమ్. ప్రాజెక్టు మారింది. నిమ్మలూ, వేరుమూలాలూ (అంటుకు అడుగు మొక్కలు) చూడమంది.

వీటి పుట్టుకలే అసలు ముచ్చట. పుల్ల నారింజ అంటే పంపరపనస తల్లి, కమలా తండ్రి, సూటిగా మొదటి తరం. ఆ నారింజ, మాదీఫలం కలిస్తే పెద్ద లెమన్. మన కాగితపు నిమ్మ దారి వేరు, ఫిలిప్పీన్స్ దిక్కు ఉండే మైక్రాంథా అనే అడవి జాతి దాని తల్లి, మాదీఫలం తండ్రి. బత్తాయి కిందికి వేసే జంబేరి, రంగపూర్ నిమ్మ రెండూ కమలా తల్లికీ మాదీఫలం తండ్రికీ పుట్టినవే, కాకపోతే వేరు వేరు కాన్పులు. ఇన్నింటికి తండ్రి అయిన మాదీఫలం మాత్రం ఎప్పుడూ బిడ్డను కనే పక్షంలో లేదు. దాని పువ్వు విచ్చకముందే సొంత పుప్పొడితో పని కానిచ్చుకుంటుంది, అందుకే దానికి ప్రతి చోటా ఒకే గీత పడుతుంది. నాకు అదే పెద్ద వరం. మాదీఫలం గీత ఎక్కడున్నా కళ్లు మూసుకొని పట్టుకోవచ్చు.

ఏప్రిల్ మొత్తం ఒక పిచ్చి పనితో పోయింది. డీఎన్‌ఏ బదులు వట్టి నీళ్లు పోసిన గొట్టంలో కూడా గీతలు రావడం మొదలైంది. నీళ్లకు గీత ఏమిటి? ఎక్కడో ఏదో కలిసింది. పిపెట్లు మార్చాం, టిప్పులు మార్చాం, ప్రైమర్లు కొత్తగా కలిపాం. మూడు వారాల తర్వాత నలుగురం వాడుకునే ఒకే నీళ్ల సీసా దొంగ అని తేలింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు.

తర్వాత ఇంకో దెబ్బ. 4వ నంబరు మా తోట బత్తాయి. కొత్త జెల్‌లో దానికి మాదీఫలం గీత పడింది. దాని పక్కన మూడు మూలజాతుల్లో ఎవరికీ లేని ఇంకో గీత. బత్తాయి వంశంలో మాదీఫలమే లేదు. మరి ఇదేమిటి? రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కొత్త విషయం కనిపెట్టానేమో అని ఒక రాత్రి ఆశ కూడా పడ్డాను, దాచుకోవడం ఎందుకు! సీనియర్ అన్న ఫ్రీజర్ నుంచి గొట్టం తీసి వెలుగులో పట్టుకున్నాడు. మూత మీద మార్కరు పెన్నుతో రాసిన 14లో 1 అంకె స్పిరిట్ తగిలి చెరిగిపోయింది, 4 మిగిలింది. 14 మా ఊరి కాగితపు నిమ్మ. ఎవరికీ లేని ఆ గీత దాని మైక్రాంథా తల్లిది. గీతలు నిజమే చెప్పాయి, నా రాతే తప్పు. ఆ రోజు నుంచి ప్రతి గొట్టానికీ మూత మీద ఒకసారి, ఒంటి మీద ఒకసారి పెన్సిల్‌తో రాసి, మీద టేపు వేశాను.

ఆ తర్వాతనే 17 వంతు వచ్చింది.

మొదటి ప్రైమర్‌లో దానికి రెండు గీతలు, ఒకటి మాదీఫలం ఎత్తులో, ఒకటి కమలా దిక్కు. సరే, దబ్బ కూడా ఏదో కలయికే అనుకున్నాను. రెండో ప్రైమర్ అలాగే. మూడోది చూస్తుంటే పక్క వరస మీదికి కన్ను పోయింది. 12వ నంబరు. పరిశోధన స్థానం నుంచి వచ్చిన జంబేరి. 12కీ 17కీ వెంట్రుక తేడా లేదు. తొమ్మిదిలో తొమ్మిదీ కలిశాయి.

ఎవరూ నమ్మలేదు. మేడమ్ ముందు అన్న మాట, "మళ్లీ గొట్టాలు కలిపావా?" నేనూ అదే అనుకున్నాను. 4, 14 గొడవ అయి పది రోజులు కాలేదు. ఆ వారమే ఊరికి పోయి, వేరే ఎవరి ఆకులూ తేకుండా ఒక్క దబ్బచెట్టువే నాలుగు కొమ్మల నుంచి నాలుగు కవర్లలో తెచ్చాను. డీఎన్‌ఏ నేను కాకుండా సీనియర్ అన్న తీశాడు, ఏది ఏదో ఆయనకు చెప్పలేదు. జెల్ మీద నాలుగూ 12తోనే కలిశాయి. క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ ముక్క ఒకటి కూడా సీక్వెన్సింగుకు పంపాం. క్లోరోప్లాస్ట్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లి ఎవరో అది చెబుతుంది. రెండు వారాలకు వచ్చిన జవాబు, కమలా రకం తల్లి. మా బత్తాయిలకు అదే ముక్కలో పంపరపనస తల్లి తేలింది, పుస్తకంలో ఉన్నట్టే. జంబేరి కూడా గింజ నుంచి వచ్చినా ఎక్కువగా తల్లికి నకలుగానే వస్తుంది, కాబట్టి ఎక్కడెక్కడి జంబేరి చెట్లో ఇలా అచ్చు గుద్దినట్టు కలవడంలో వింత లేదు. మా బావికాడికి జంబేరి ఎట్లా వచ్చిందన్నదే వింత. మా దగ్గర జంబేరిని ఎవరూ కాయ కోసం పెంచరు.

మే నెలలో, ఎండ మండిపోతుంటే, ఇంటికి పోయి నాయినకు చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పార తీసుకుని బావి గడ్డకు నడిచాడు. చెట్టు మొదట్లో మట్టి జానెడు లోతు తవ్వాడు. ఒక పక్క నల్లగా, వేలితో గీరితే పొడి రాలే ఎండు మొద్దు, బొటనవేలి లావున. దాని పక్క నుంచే, సరిగ్గా అతుకు కింది నుంచి, ఇప్పటి మాను పైకి లేచింది.

"96ల తోట పెట్టినప్పుడు మిగిలిన మొక్క ఇది," అన్నాడు నాయిన. "పారేయబుద్ధి గాక బావిగడ్డకు పెట్టిన. రెండు మూడేండ్లు బత్తాయే కాసింది. బాయి ఎండినప్పుడు ఇది గూడ ఎండింది. మళ్లెప్పుడు లేసిందో నేన్జూడలే."

నాయనమ్మ చూసిందట. "అడుగు నుంచి చిగురేస్తే, చచ్చింది బత్కిందని బోళ్లు కడిగిన నీళ్లు పోసిన. గరుకు కాయ కాసింది. దబ్బ అన్న. అందరు దబ్బ అన్నరు."

పైన అంటిన బత్తాయి చచ్చిపోతే కింద మోస్తున్న మొక్క బయటికొచ్చింది, ఇరవై ఏళ్లుగా వేరే పేరుతో బతికింది. దాని పేరు జంబేరి అని చెబితే నాయనమ్మ రెండుసార్లు పలికి చూసింది. "జంబేరి పచ్చడి అంటే ఎవడన్న తింటడా?" అంది.

నాయిన మాత్రం రెండు రోజులు ఏదో ఆలోచనలో ఉన్నాడు. మూడో రోజు పొద్దున తోటలో నీళ్లు కడుతూ అడిగాడు. "మరి మనం 2013ల పెట్టిన మొక్కల కింద ఏమున్నదో గూడ తెలుస్తదా?"

ఆ మొక్కలు రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లని చెప్పి అమ్మారు. మా నేలలకు, సున్నపు నేలలకు, నీటి ఎద్దడికి రంగపూర్ మేలని అందరూ చెబుతారు. జంబేరి మీద చెట్టు జోరుగా పెరుగుతుంది గానీ వేరుకుళ్లుకు తొందరగా లొంగుతుందని పేరు. నర్సరీలో లేత మొక్కప్పుడు ఏది జంబేరో ఏది రంగపూరో చూసి చెప్పడం కష్టం, అతుకు పడి పైన బత్తాయి ఆకులొచ్చాక ఇక అసలే తెలియదు. నాయిన ఆ ప్లాటులో మూడేళ్లుగా ఏటా ఒకటి రెండు చెట్లు ఎండిపోతుంటే చూస్తూ ఉన్నాడు.

అతుకు కింది నుంచి నీటి కొమ్మలు లేచిన చెట్లు పది దొరికాయి. మామూలుగా వాటిని కనిపించగానే విరిచేస్తారు. ఈసారి విరిచి నాకిచ్చాడు. ప్రాజెక్టు గడువు అయిపోవచ్చింది, ఇది రిపోర్టులో పెట్టే పని కాదు. అయినా మేడమ్ కాదనలేదు, మిగిలిన ప్రైమర్లు వాడుకోమంది. రంగపూర్, జంబేరి అక్కాచెల్లెళ్ల లాంటివి కాబట్టి చాలా ప్రైమర్లలో రెండు గీతల్లో ఒకటి ఇద్దరికీ ఒక్కటే, మాదీఫలం వైపుది. కమలా వైపు గీతలు వేరయ్యే నాలుగు ప్రైమర్లే పనికొచ్చాయి. పదింటిలో ఏడు రంగపూర్. మూడు జంబేరి.

ఫోన్లో చెప్పాను. నర్సరీ వాళ్లను తిడతాడనుకున్నాను. "ఏ మూడు?" అన్నాడంతే. వరస నంబరు, చెట్టు నంబరు రాసుకున్నాడు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ఆ మూడు చెట్లకూ నాయనమ్మ పాత చీర పేలికలు కట్టి ఉన్నాయి, ఎర్రటివి, దూరం నుంచే కనబడేలా. చుట్టూ కట్టే నీళ్లు మాను మొదలుకు తగలకుండా మట్టి ఎగదోసి ఉంది. పేలికల గురించి పక్క తోట వాళ్లు అడిగితే దిష్టికి అని చెప్పాడట.

ఆ ఏడు కత్తెర కాపు ఆ మూడింటికీ బాగానే పడింది, పక్క చెట్లకు ఏమాత్రం తీసిపోకుండా. మరుసటి ఎండాకాలంలో ఆ ప్లాటులో ఒక చెట్టు ఎండింది. నేను పరీక్షించిన పదింటిలోదే. పేలిక లేనిది.